కెమెరాలెన్ని అని కాదు, ఎన్ని దినాలు దాస్తదని అడుగున్రి

మా ఇంటికి నాలుగు కెమెరాలున్నయి. రెండు గేటు దిక్కు, ఒకటి మెట్ల కాడ, ఒకటి ఎన్క వాకిట్ల. టీవీ కింద నల్ల డబ్బా, దాని మీద పచ్చ లైటు. మూడేండ్ల సంది ఆ లైటు ఎలుగుతుంటే చూసి అన్ని మంచిగనే నడుస్తున్నయనుకున్నం. ఆ డబ్బాకు ఆరు రోజులకు మించి యాది ఉండదని మొన్న ఎండకాలంల తెలిసింది.

మాది హన్మకొండల పాత గల్లీ. మూల మీద ఆకుకూరలమ్మే అవ్వ కూసుంటది. ఒకనాడు తెల్లారంగనే ఒక ట్రాలీ ఆటో ఎన్కకు తీస్కుంట ఆమెకు తాకిచ్చి, ఆగకుంట పోయింది. అవ్వ కాలిరిగింది. దవాఖాన, ఆపరేషన్, రక్తం, పైసలు… ఆ తిప్పలల్ల కెమెరాల సంగతి ఎవ్వరికీ మతికి రాలె. తొమ్మిదోనాడు ఆమె కొడుకు మా ఇంటికొచ్చిండు. "అన్నా, మీ కెమెరా రోడ్డు దిక్కే ఉన్నది గదా, జర చూడరాదే" అన్నడు. మౌస్ పట్టుకొని తారీఖు వెతికిన. అన్నిటికన్న పాత రికార్డింగు ఆరు రోజుల కిందిది. దాని ముందుదంతా చెరిగిపోయింది.

ఇది చిన్న నష్టం కాదు. బండి నంబరు దొరికితే దాని ఇన్సూరెన్స్ మీద మోటారు యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌ల కేసు ఎయ్యొచ్చు. దవాఖాన ఖర్చు, పోయిన గిరాకి, ముందట నడవలేని కష్టం అన్నిటికి పరిహారం అడగొచ్చు. బండి ఏందో తెల్వకుంటే 2022 ఏప్రిల్ 1 సంది ఉన్న హిట్ అండ్ రన్ స్కీము కింద పెద్ద దెబ్బకు 50,000 రూపాయలు, అంతే. మా కెమెరాల నంబరు అక్షరాలు కనవడునో లేదో నేను చెప్పలేను, పొద్దుగాల ఎలుతురు తక్కువనే ఉంటది. కని బండి రంగు, ట్రాలీ మీది రాతలు, ఎటు పోయింది, ఇవన్న తెలిసేటియి.

అప్పటి సంది ఆ డబ్బా గురించి నేర్సుకున్నదే ఇక్కడ రాస్తున్న.

డబ్బా జేసే పని పెద్దదేం కాదు. కెమెరా వైరు నుంచి వచ్చిన బొమ్మను కుదించి, లోపటి హార్డ్ డిస్కు మీద రాస్తది. డిస్కు నిండినంక అన్నిటికన్న పాతదాన్ని చెరిపి దాని మీదనే కొత్తది రాస్తది. ఎవ్వరినీ అడగదు, చెప్పదు. కెమెరాలు పెట్టే పిలగాడు "నాలుగు కెమెరాల సెట్టు" అని ధర చెప్తడు గని, "ఆరు రోజుల సెట్టు" అని ఎన్నడన్న చెప్పిండా? మనం గుడ అడగం.

లెక్క మీరే చేసుకోవచ్చు. 2 మెగాపిక్సెల్ కెమెరాకు సెకనుకు 2 మెగాబిట్లు పెట్టిన్రనుకుందాం. 8 బిట్లకు ఒక బైటు, అంటే సెకనుకు పావు మెగాబైటు. దినానికి 86,400 సెకన్లు. ఒక్క కెమెరా దినానికి 21.6 జీబీ తింటది, నాలుగు కలిస్తే 86 జీబీ దాటుతది. మా డబ్బాల ఉన్నది 500 జీబీ డిస్కు. ఆరు రోజులు గుడ నిండయి. అదే 2 టీబీ అయితే 23 రోజులు, 4 టీబీ అయితే 46.

నన్ను ఎక్కువ బాధ పెట్టింది ఇంకొకటున్నది. మా డబ్బాల హెచ్.265 అనే కుదింపు పద్ధతి మొదటి సందే ఉన్నది. పెట్టినాయన దాన్ని ముట్టలె, పాత హెచ్.264 మీదనే వదిలిపెట్టిండు. కొత్త పద్ధతిల బిట్‌రేటు దాదాపు సగానికి తగ్గించినా బొమ్మల పెద్ద తేడా రాదు. అంటే అదే 500 జీబీల 11 రోజులు పట్టేది. మెనూల ఒక్క సెట్టింగు. రూపాయి ఖర్చు లేకుంట ఆ తొమ్మిదోనాడు అవ్వ బండి మాకు కనవడేది.

కాబట్టి డిస్కు కొనేటందుకు దుకాన్ల పోకముందే ముందుగాల మెనూ తెరువున్రి. అయినా చాలకుంటేనే కొత్త డిస్కు. 2013ల ఉమ్మడి రాష్ట్రంల వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం ఎక్కువొచ్చే దుకాన్లు, దవాఖానలసుంటి జాగలల్ల 30 రోజుల రికార్డింగు ఉంచాలని చెప్తది. ఇండ్లకు ఆ నియమం లేదు. నేను మాత్రం 30 రోజులనే నిశాని పెట్టుకున్న. 2 టీబీ డిస్కు, హెచ్.265 కలిస్తే 46 దాకా వస్తయి. ఒక కెమెరాకు బొమ్మ మంచిగ రావాలని బిట్‌రేటు జర పెంచినా 30 ఎటూ పోదు.

డిస్కు కొనేటప్పుడు కంప్యూటర్‌ది కాకుంట నిఘా కెమెరాల కోసం చేసిందే అడుగున్రి. డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ అసుంటియి. రాత్రి పగలు ఆగకుంట రాసే పని అది, దానికి తగ్గట్టే వాటిని తయారు చేస్తరు. తక్కువకొస్తుందని పాత డిస్కుకు కొత్త స్టిక్కరు ఏసింది తీసుకోకున్రి. సీరియల్ నంబరు కంపెనీ సైటుల కొట్టి వారంటీ ఉన్నదో లేదో దుకాన్లనే చూడున్రి. మీ డబ్బా ఎంత పెద్ద డిస్కును పడుతదో దాని పుస్తకంల ఉంటది, అది దాటితే పైసలు దండగ.

మార్చుడు అర్ధగంట పని. మెనూ నుంచి షట్‌డౌన్ చెయ్యాలె, ప్లగ్గు పీకాలె, మూత ఇప్పాలె. కింద నాలుగు స్క్రూలు, రెండు వైర్లు. కొత్త డిస్కు పెట్టినంక డబ్బా ఫార్మాట్ చెయ్యాల్నా అని అడుగుతది, చెయ్యిన్రి. పాత డిస్కును మాత్రం ఫార్మాట్ చెయ్యకున్రి. దాని మీద తారీఖు రాసి బీరువాల పెట్టున్రి. దాన్ని కంప్యూటర్‌కు పెడితే చాలసార్లు ఏం కనవడదు, డబ్బాల రాత పద్ధతి వేరే ఉంటది. అంతమాత్రాన ఖాళీ అనుకొని పారెయ్యొద్దు.

కదిలినప్పుడే రికార్డు చేసే సెట్టింగు పెడితే జాగ మిగులుతదని చాలమంది చెప్తరు. నేను గుడ పెట్టి చూసిన. రాత్రిపూట కెమెరా లైటుకు పురుగులొస్తయి, పురుగుల కోసం సాలీడొస్తది, అది గూడు కడితే గాలికి ఊగిన ప్రతిసారి రికార్డింగే. మిగిలిన జాగ అంతంతే. పైగా ఏదన్న జరిగే ముందటి రెండు మూడు సెకన్లు పోతే అదొక బాధ. గేటు కెమెరాలకు రాత్రి పగలు రికార్డింగు, ఎన్క వాకిలికి కదిలినప్పుడు. నాకు ఇదే కుదిరింది.

ఇగ నెట్‌వర్కు. మా డబ్బాల గడియారం నలభై నిమిషాలు ఎన్కకు ఉన్నదని డిస్కు మార్చిననాడే చూసిన. లోపటి చిన్న బటన్ సెల్లు చచ్చినట్టున్నది, కరెంటు పోయినప్పుడల్ల తప్పుతున్నది. టైము తప్పున్న వీడియోను పోలీసుల ముందు పెడితే మొదటి ప్రశ్న అదే. సెల్లు మార్చి, రౌటర్ నుంచి ఒక వైరు డబ్బాకు గుంజి, ఇంటర్నెట్ టైము పెట్టిన. డిస్కు ఆగిపోతే ఫోనుకు మెసేజ్ వచ్చేటట్టు గుడ చేసిన. నా మట్టుకు నెట్‌వర్కు పెట్టినందుకు ఫాయిదా అంటే ఈ రెండే. ఊర్ల కూసొని వాకిలి చూసుడు తర్వాత సంగతి.

ఫోన్ల యాప్ పెట్టి డబ్బా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఒక మాట వచ్చింది, ఈ పరికరం ఇంతకు ముందే వేరే ఖాతాకు జోడించి ఉన్నదని. మా ఇంట్ల అందరం ఒకల మొకం ఒకలం చూసుకున్నం. కెమెరాలు పెట్టిననాడు పనిచేస్తున్నయో లేవో చూసుడుకు ఆయన తన ఫోన్ల పెట్టుకున్నడు. తీసెయ్యలె. ఆయన మంచోడే కావొచ్చు, చూసి ఉండకపోవచ్చు. కని మూడేండ్లు మా వాకిలి ఇంకొకల జేబుల ఉన్నది. ఫోన్ చేసి ఆ ఖాతా తీపిచ్చిన, పాస్‌వర్డ్ మార్చిన, డబ్బా సాఫ్ట్‌వేర్ గుడ కొత్తది ఏసిన. రౌటర్ల యూపీఎన్‌పీ అని ఒక సౌలత్ ఉంటది, పరికరాలు మనను అడగకుంటనే బయటికి తలుపులు తెరుసుకునేది, దాన్ని బంద్ పెట్టిన.

ఇది ఒట్టి భయం కాదు. 2016 అక్టోబర్ 21న అమెరికాల ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ అసుంటి సైట్లు గంటల తరబడి అందకుంటయినయి. డిన్ అనే కంపెనీ మీద జరిగిన ఆ దాడిల మిరాయ్ అనే వైరస్ వాడుకున్నయి ఇసుంటి ఇంటి డబ్బాలు, కెమెరాలే. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ ఎవ్వరూ మార్చకపోతే అది లోపటికి పోయింది.

ఎప్పుడన్న రికార్డింగు అవసరం పడితే టీవీ తెరను ఫోన్ తోని వీడియో తీసి వాట్సాప్‌ల పంపకున్రి. పెన్ డ్రైవ్ పెట్టి అసలు ఫైలునే కాపీ చెయ్యిన్రి. 2024 జూలై 1 సంది అమలుల ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద, కాపీ తోని ఒక సర్టిఫికెట్ ఇయ్యాలె. అండ్ల ఆ ఫైలు ఏలిముద్ర లెక్క ఉండే హ్యాష్ విలువ రాయాలె. అసలు ఫైలు లేకుంటే దేనికని ఇస్తరు?

అవ్వ కాలు ఇంక మంచిగ కాలె. మూల మీద ఇప్పుడు ఆమె కొడుకు గంప పెడుతున్నడు. పోయిన ఐతారం మౌస్ పట్టుకొని మా గల్లీల డబ్బాలున్న మూడిండ్లు తిరిగిన. ఒకదాంట్ల నాలుగు రోజులున్నయి, ఇంకోదాంట్ల తొమ్మిది. మూడోదాంట్ల డిస్కు ఎప్పుడో చచ్చిపోయింది, లైటు మాత్రం పచ్చగ ఎలుగుతనే ఉన్నది.