వినోదవనమున ఇంటర్నెట్టు: గృహిణి యెఱుగవలసిన సంగతులు

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు సెలవులలో బిడ్డలకు చూపదలచు వింతలలో, ఫ్లారిడా రాష్ట్రమున ఆర్లాండో నగరము చెంతనున్న వాల్ట్ డిస్నీ వరల్డు ముఖ్యమైనది. స్వదేశమునుండి చుట్టపుచూపుగా వచ్చిన అత్తమామలను, తల్లిదండ్రులను గూడ అచ్చటికి తోడ్కొనిపోవుట పరిపాటి యైనది. 1971 అక్టోబరు 1వ తేదీన తెఱువబడిన ఈ ప్రదేశము ఇంచుమించు 25 వేల యెకరముల విస్తీర్ణము గలది. ఇందు నాలుగు వినోదవనములు కలవు. ఒక్కొక్కటి చూచుటకు ఒక దినము పట్టును. ఇట్టి చోటికి పసివాండ్రతోను వృద్ధులతోను పోవునపుడు ఇంటర్నెట్టు సంబంధము తెగకుండ నిలుపుకొనుట యెట్లు, తెగినచో ఏమి చేయవలెను అను విషయమును సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

“వేడుక చూడబోయి అక్కడను ఫోనేనా?” యని పెద్దలు ఆక్షేపింతురు. ఆ మాట న్యాయమైనదే. కాని అచ్చటి పద్ధతులే మాఱిపోయినవి. 1955లో కాలిఫోర్నియాయందు డిస్నీలాండు వెలసినపుడు ఆటకొక చీటీ చించి యిచ్చెడి టిక్కెట్టు పుస్తకములు వాడుకలోనికి వచ్చినవి. 1982లో అవి పోయి, ఒక్క టిక్కెట్టుతో అన్నియు చూచు పద్ధతి వచ్చినది. వరుసలలో నిలువబడు బాధ తగ్గించుటకై 1999లో సమయము ముద్రించిన కాగితపు చీటీల నిచ్చు యంత్రములను పెట్టిరి. 2014 నాటికి డిస్నీ వరల్డులో ఆ చీటీలును అంతరించి, ఆ వ్యవహారము ఫోనులోనికి చేరినది. 2024 జూలై నుండి, పైకము చెల్లించి ఆటల వేళలను ముందుగా నిర్ణయించుకొను లైట్నింగ్ లేన్ మల్టీపాస్ అను ఏర్పాటు నడచుచున్నది. డిస్నీవారి హోటళ్లలో బస చేయువారు 7 దినములు ముందుగను, ఇతరులు 3 దినములు ముందుగను దీనిని కుదుర్చుకొనవచ్చును. ఇప్పుడు టిక్కెట్టు, దారి చూపు పటము, ఏ ఆటకు ఎంతసేపు వేచియుండవలెనను లెక్క, భోజనపు ఆర్డరు, అచ్చటివారు తీసిన ఛాయాచిత్రములు అన్నియు ఒక్క యాప్‌లోనే యున్నవి.

ఇందొక చిక్కు కలదు. కుటుంబమంతటి టిక్కెట్లును ఒక్క ఫోనులో నుంచుట, ఆ ఫోను ఇల్లాలి చేతిలో పెట్టుట అనేక గృహములలో జరుగుచున్నది. తిరునాళ్లకు చద్దిమూట మోసిన చేతులే నేడు ఫోను మోయుచున్నవి. ఊరేగింపు కన్నులయెదుట సాగుచుండ ఆమె తదుపరి ఆటకు వేళ వెదకుచుండును. ఆ యొక్క ఫోను ఆఱిపోయినచో ఆహారమునకు, ఆటకు, ఒకరినొకరు కలిసికొనుటకు గూడ ఆటంకమే. కావున ఈ భారమును పంచుకొనుటయు, ఫోను లేకున్నను కుటుంబము చెదరకుండ చూచుకొనుటయు మొదట నేర్వదగినవి.

సంబంధము ఏల తెగునో ముందు తెలిసికొందము. ఆ వనములలో ఉచితముగా వై-ఫై కలదు. మొబైలు కంపెనీల టవరులును కలవు. అయినను ఒక టవరు మోయగల బరువునకు మితి యున్నది. రాత్రి బాణసంచా కాల్చువేళ కోట యెదుట మూగిన జనులందఱు ఒక్కసారిగా వీడియోలు పంపబూనినచో, వేయిమంది ఒకే నూతిలో చేదలు వేసినట్లగును; ఎవరి చేదయు సరిగా నిండదు. సంకేతము క్షీణించిన చోట టవరునందుకొనుటకై ఫోను అధికశక్తిని వ్యయము చేయును. బ్యాటరీ త్వరగా హరించును. ఫ్లారిడా వేసవి యెండకు ఫోను వేడెక్కి తెర మసకబారుటయు, ఒక్కొక్కప్పుడు పనిచేయుట మానుటయు కలదు. ఆ ఋతువున మధ్యాహ్నము ఉఱుములతో వాన కురియుట సామాన్యము. కావున ఫోనునకు నీరు చొరని సంచి యొకటి ఉండవలెను. ఎండలో దానిని బిడ్డల బండిపై విడువరాదు.

బయలుదేరు ముందటి రాత్రియే యాప్ దించుకొని, పేరు నమోదు చేసి, తెఱచి చూచుకొనవలెను. ఫోను తానున్న తావును ఉపగ్రహముల వలన తెలిసికొనును; దానికి ఇంటర్నెట్టు అక్కఱలేదు. పటము మాత్రము ముందుగా దించుకొని యుండవలెను. పవర్‌బ్యాంకు వెంట నుంచుకొనుట మేలు. స్వదేశమునుండి తెచ్చువారు దానిని విమానమున చేతిసంచిలోనే యుంచుకొనవలెను, సామానులో వేయరాదు. 100 వాట్-అవర్లకు మించనిది సాధారణముగా అనుమతింపబడును. 20,000 ఎం.ఏ.హెచ్. అని వ్రాసియున్నది 74 వాట్-అవర్లకు సమానము.

స్వదేశపు సిమ్ముతో వచ్చిన పెద్దల ఫోనులలో, తగిన ప్యాకు తీసికొనువఱకు డేటా రోమింగును కట్టివేయవలెను. లేనిచో బిల్లు చూచి గుండె ఝల్లుమనును. బ్యాంకు సందేశములు విదేశమున అందునట్లు ప్రయాణమునకు పూర్వమే కంపెనీవారి నడిగి ఏర్పఱచుకొనుట యుక్తము. కుమారుడో కుమార్తెయో తమ ఫోనునుండి హాట్‌స్పాట్ ఇయ్యవచ్చును గాని, దానివలన ఇచ్చువారి బ్యాటరీ వేగముగా తఱుగును. పదిమంది వాడు వై-ఫైలో చేరునపుడు పేరు సరిచూచుకొనవలెను; మోసగాండ్రు దానిని పోలిన పేరు పెట్టుట కలదు. ధనసంబంధమైన వ్యవహారములు బసకు వచ్చిన పిదప చూచుకొనవచ్చును.

టిక్కెట్లు ఒక్కరివద్దనే యుండనక్కఱలేదు. యాప్‌లో కుటుంబమువారిని జతపఱచినచో ఇద్దఱు ముగ్గురు పెద్దల ఫోనులలో అవి కనబడును. చేతికి ధరించు మ్యాజిక్‌బ్యాండు గలవారు ఫోను తీయకయే ద్వారమున ప్రవేశింపగలరు. వేళలు చూచుపని ఉదయము భర్తయు, అపరాహ్ణమున భార్యయు వంతులవారీగా చేసినచో ఇద్దఱును వేడుక చూడగలరు. ఈ యొక్క యేర్పాటు ఇంటినుండి కదలకముందే మాటాడుకొనవలెనని మా మనవి.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది మనుష్యులు తప్పిపోకుండుట. ఇంగ్లీషు రాని అత్తగారు గుంపులో విడిపడినచో ఆమె చేతనున్న ఫోను మ్రోగినను, తానెచ్చట నున్నదో ఎట్లు చెప్పగలదు? ఆమె కొంగుననో సంచిలోనో ఒక కాగితముండవలెను. అందు ఇంగ్లీషులో ఆమె పేరు, తెలుగు మాత్రమే మాటాడుననియు, ఇద్దఱి ఫోను నంబర్లకు కబురు చేయుడనియు వ్రాయవలెను. పసివాండ్ర చేతికి నంబరు వ్రాసిన పట్టీ కట్టవలెను. ఆనాటి దుస్తులతో ఉదయమే వారి ఛాయాచిత్రము తీసియుంచినచో, వెదకునపుడు ఆనవాలు చెప్పుట సులభము. పేరు వ్రాసిన బిళ్ల ధరించినవారే అచ్చటి సిబ్బంది యని పిల్లలకును పెద్దలకును చూపి చెప్పవలెను. తప్పిపోయిన బిడ్డలను సిబ్బంది బేబీ కేర్ సెంటరునకు చేర్చుదురు. అది యెక్కడనున్నదో లోనికి పోగానే చూచుకొనుడు.

కలిసికొనుచోటు ఒకటి ముందుగా నిర్ణయించుట మఱవరాదు. “కోటముందు” అనినచో సరిపోదు. అచ్చట సాయంకాలమునకు ఇసుక వేసిన రాలదు. గుర్తుపట్టుటకు సులభమైన చిన్న అంగడినో బల్లనో చూపి, “విడిపోయినచో ఇచ్చట కూర్చుండుడు, కదలకుడు” అని చెప్పవలెను. ఫోనులో మాట కలియనపుడు రెండక్షరముల ఎస్.ఎం.ఎస్. పంపి చూడుడు. మాట పోలేని చోటను అది ఒక్కొక్కప్పుడు పోగలదు.

స్వదేశమునందలి బంధువుల మాట కూడ చెప్పవలెను. వేసవిలో ఫ్లారిడాకంటె మన గడియారము తొమ్మిదిన్నర గంటలు ముందుండును, శీతకాలమున పదిన్నర. వేసవిలో అచ్చట ఉదయము 9 గంటలకు ద్వారమువద్ద నిలిచినపుడు ఇచ్చట సాయంకాలము ఆఱున్నర. దీపము పెట్టిన వేళ మనుమలను చూడగోరు అమ్మమ్మలకు అది అనువైన సమయమే. అప్పుడొక్క పది నిముషములు మాటాడి, చిత్రములను రాత్రి బసనుండి పంపినచో అందఱకును తృప్తి. ఇల్లు తాళము వేసి వచ్చితిమని దారిపొడుగున లోకమునకు చాటు చిత్రములను తిరిగివచ్చిన పిదప పెట్టుట క్షేమము.

సోదరీమణులారా! ఇంటర్నెట్టు మన పరివారమును కూర్చుటకు వచ్చిన సాధనము. కూర్చుపని దానిదైనను, కాచుపని మనది. యాత్రకు సామాను సర్దునాడు పవర్‌బ్యాంకు సంచిలో వేయుడు. దాని ప్రక్కనే అత్తగారి కాగితమును, పసిదాని చేతిపట్టీని కూడ పెట్టుడు. ఫోను పనిచేసినచో అవి సంచిలోనే యుండును. చేయనినాడు వానికి మించిన చుట్టము లేదు.