కొలువులో మలిసంధ్య

‘ఉద్యోగం’ అన్న మాటకు సంస్కృతంలో ప్రయత్నం, పూనిక అని అర్థం. మహాభారతంలోని ఉద్యోగపర్వానికి ఆ పేరు వచ్చింది ఈ అర్థంలోనే. సంధికీ సమరానికీ ఉభయ పక్షాలు సాగించిన ప్రయత్నాలే ఆ పర్వంలోని ఇతివృత్తం. కాలక్రమంలో తెలుగువారి వాడుకలో ఆ మాట జీతానికి చేసే కొలువుకు పేరుగా స్థిరపడింది. అయినా పాత అర్థపు ఛాయ పూర్తిగా తొలగిపోలేదు. మనిషి తన ఉద్యోగంలో జీతాన్ని మాత్రమే కాక, తాను జీవితమంతా చేసిన ప్రయత్నానికి గుర్తింపును కూడా చూసుకుంటాడు. అందువల్లనే యాభై ఏళ్లు దాటిన తరువాత కొలువు కదిలినప్పుడు కలిగే వేదన కేవలం ఆర్థికమైనది కాదు.

వ్యాపార సంస్థలు కాలానుగుణంగా తమ స్వరూపాన్ని మార్చుకుంటూ ఉంటాయి. రెండు సంస్థలు ఒకటిగా విలీనమవుతాయి. కొన్ని విభాగాలు మూతపడతాయి. కొన్ని పనులు యంత్రాలకు, మరికొన్ని బయటి సంస్థలకు అప్పగింపబడతాయి. అధికారుల అంతస్తులు తగ్గింపబడతాయి. ఈ మార్పులన్నిటికీ కలిపి ‘పునర్వ్యవస్థీకరణ’ అని పేరు. నష్టాల్లో ఉన్న సంస్థలే కాక, లాభాలు గడిస్తున్న సంస్థలు కూడా దీనికి పూనుకుంటాయి. ఇటువంటి ప్రతి సందర్భంలోనూ కొందరి పనులు మారుతాయి, కొందరి కొలువులు పోతాయి. ఆ కొందరిలో వయసు పైబడినవారు ఎక్కువగా కనిపించడం అనేక దేశాలలో చర్చకు వచ్చిన సమస్య.

ఉద్యోగం పోవడం అందరికీ కనిపించే నష్టం. హోదా తగ్గడం అంతగా కనిపించని నష్టం. నిన్నటివరకు పదిమందిపై అధికారిగా ఉన్న వ్యక్తికి పేరు మాత్రమే గంభీరంగా ఉండే కొత్త పదవి లభిస్తుంది. నిర్ణయాధికారం మరొకరికి వెళుతుంది. సమావేశాలకు పిలుపు రాదు. జీతం మాత్రం తగ్గకపోవచ్చు. కొన్ని చోట్ల దూరప్రాంతానికి బదిలీ, మరికొన్ని చోట్ల అలవాటు లేని పని ఎదురవుతాయి. తెలుగులో ‘పొమ్మనలేక పొగబెట్టడం’ అనే సామెత ఇటువంటి స్థితిని చక్కగా చెబుతుంది. వెళ్లిపొమ్మని ఎవరూ అనరు. ఉండలేని పరిస్థితి మాత్రం ఏర్పడుతుంది. ఉద్యోగి తానే రాజీనామా చేస్తే సంస్థకు పరిహారం చెల్లించే భారం ఉండదు.

వయోధికులే ఎందుకు ఈ ఒత్తిడికి గురవుతారు? దీనికి అమెరికా ఆర్థికవేత్త ఎడ్వర్డ్ లేజియర్ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం కొంత సమాధానమిస్తుంది. దీర్ఘకాలం ఒకే సంస్థలో పనిచేసే ఉద్యోగి యౌవనంలో తాను చేసే పని విలువకంటే తక్కువ జీతం పొందుతాడు. వయసు పెరిగిన తరువాత పని విలువకంటే ఎక్కువ పొందుతాడు. మొత్తం సేవాకాలాన్ని లెక్కిస్తే ఈ రెండూ సరిపోతాయి. మొదట తగ్గించి తీసుకున్నది తరువాత అందుతుందన్న నమ్మకమే ఉద్యోగిని శ్రద్ధగా పనిచేయిస్తుంది. ఈ ఒప్పందం ఏ కాగితం మీదా ఉండదు. అది కేవలం విశ్వాసం మీద నిలిచినది.

పునర్వ్యవస్థీకరణ సమయంలో సంస్థ గతాన్ని చూడక, ఆ ఏటి జమాఖర్చులను మాత్రమే చూస్తుంది. ఆ లెక్కలో అనుభవజ్ఞుడి జీతం అధిక వ్యయంగా కనిపిస్తుంది. పాతికేళ్ల క్రితం అతడు తక్కువ జీతానికి చేసిన అధిక శ్రమ ఏ పద్దులోనూ కనిపించదు. ‘ఏరు దాటేదాకా ఓడమల్లన్న, ఏరు దాటాక బోడిమల్లన్న’ అన్న నానుడి ఇక్కడ గుర్తుకు రావడం సహజం.

అయితే సమస్యకు రెండవ పార్శ్వం కూడా ఉన్నది. సాంకేతికత మారినప్పుడు పాత నైపుణ్యాలకు గిరాకీ తగ్గడం వాస్తవం. మార్పు చెందని సంస్థ మూతపడితే పెద్దవారితోపాటు చిన్నవారి కొలువులు కూడా పోతాయి. పై పదవులన్నీ ఏళ్ల తరబడి నిండి ఉంటే యువతకు ఎదుగుదల ఉండదు. కనుక మార్పు తప్పా ఒప్పా అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. మార్పు తెచ్చే భారాన్ని ఎవరు మోయాలి, ఏ ప్రాతిపదికపై మోయాలి అన్నదే అసలు ప్రశ్న. పనితీరును చూసి నిర్ణయించడం ఒకటి. పుట్టిన సంవత్సరాన్ని చూసి నిర్ణయించడం మరొకటి.

ఈ భేదాన్ని చట్టంలో పొందుపరచిన దేశాలలో అమెరికా ముఖ్యమైనది. అక్కడ 1967లో చేసిన ఉద్యోగ వయోవివక్ష నిరోధక చట్టం నలభై ఏళ్లు, అంతకు మించిన వయసుగల ఉద్యోగులకు రక్షణ కల్పిస్తుంది. ఇరవైమంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలకు ఇది వర్తిస్తుంది. 1990లో దీనికి మరికొన్ని రక్షణలు చేరాయి. వయోవివక్షపై దావా వేయబోనని సంతకం చేయమని సంస్థ కోరితే, ఆలోచించుకోవడానికి ఉద్యోగికి కనీసం 21 రోజులు గడువు ఇవ్వాలి. అనేకమందిని ఒకేసారి తొలగించే సందర్భంలో ఆ గడువు 45 రోజులు. సంతకం చేసిన తరువాత కూడా ఏడు రోజుల్లోగా మనసు మార్చుకోవచ్చు.

చట్టం ఉన్నంతమాత్రాన న్యాయం సులభంగా లభించదని జాక్ గ్రాస్ అనే ఉద్యోగి వ్యాజ్యం నిరూపించింది. ఆయన అయోవా రాష్ట్రంలో ఎఫ్.బి.ఎల్. ఫైనాన్షియల్ అనే సంస్థలో 1971లో చేరి, బీమా పరిహారాల విభాగంలో డైరెక్టరు స్థాయికి ఎదిగాడు. 2003లో, ఆయనకు 54 ఏళ్ల వయసున్నప్పుడు, సంస్థ ఆయనను సమన్వయకర్త అనే పదవికి మార్చింది. ఆయన బాధ్యతల్లో పెక్కింటిని కొత్తగా సృష్టించిన మరొక పదవికి అప్పగించింది. ఆ పదవి పొందినది అంతకుముందు ఆయన కిందనే పనిచేసిన, నలభై ఏళ్లు దాటిన ఉద్యోగిని. ఇద్దరి జీతమూ సమానమే. అయినా తన బాధ్యతలు తీసివేయడం హోదా తగ్గింపేనని గ్రాస్ వాదించాడు. ఇది పునర్వ్యవస్థీకరణలో భాగమనీ, ఆయన నైపుణ్యాలకు కొత్త పదవే తగినదనీ సంస్థ బదులిచ్చింది.

జ్యూరీ గ్రాస్ పక్షాన నిలిచి, 46,945 డాలర్ల పరిహారం ఇవ్వాలని నిర్ణయించింది. అప్పీలు కోర్టు ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చింది. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. 2009లో అక్కడి న్యాయమూర్తులు 5–4 ఆధిక్యంతో ఒక ముఖ్యమైన సూత్రాన్ని ప్రకటించారు. నిర్ణయానికి వయసు కూడా ఒక కారణమని చూపితే చాలదు. వయసు అన్నది లేకుంటే ఆ నిర్ణయమే జరిగి ఉండేది కాదని ఉద్యోగి నిరూపించాలి. జాతి, లింగ వివక్ష వ్యాజ్యాలలో అనేక కారణాల్లో వివక్ష ఒకటని చూపినా నిలిచే అవకాశం ఉండగా, వయోవివక్షకు ఇంత కఠినమైన పరీక్ష ఏర్పడింది. సంస్థ మనసులోని మాట సంస్థకే తెలుస్తుంది. దానిని బయటపెట్టవలసిన భారం మాత్రం ఉద్యోగి భుజాలపై పడింది. ఈ తీర్పు ప్రభావాన్ని తొలగించడానికి ఆ దేశపు చట్టసభలో పలుమార్లు ప్రవేశపెట్టిన బిల్లు చట్టరూపం దాల్చలేదు.

జపాన్ అనుభవం మరొక విధమైనది. అక్కడి పెద్ద సంస్థల్లో ఒకసారి చేరినవారు పదవీవిరమణ వరకు కొనసాగడం దీర్ఘకాలం ఆచారంగా ఉండేది. తొలగించడం మర్యాద కాదు కనుక, అవసరం లేదనుకున్న పెద్ద ఉద్యోగులకు పని లేకుండా కిటికీ పక్కన ఒక బల్ల ఇచ్చేవారు. వారిని ‘మదోగివా జోకు’, అనగా ‘కిటికీ పక్కవారు’ అని పిలిచేవారు. కొలువు నిలిచింది, జీతం నిలిచింది. చేయవలసిన పని మాత్రం లేకుండా పోయింది. పని లేని కొలువు కూడా ఒక శిక్షే కాగలదని ఈ పేరు తెలుపుతున్నది.

ఇక మన దేశం సంగతి. భారత రాజ్యాంగంలోని 311వ అధికరణం ప్రభుత్వ సివిల్ ఉద్యోగులకు విశిష్టమైన రక్షణ కల్పించింది. అభియోగం తెలిపి, విచారణ జరిపి, సమాధానం చెప్పుకొనే అవకాశం ఇవ్వకుండా వారిని ఉద్యోగం నుంచి తొలగించడానికి గాని, హోదా తగ్గించడానికి గాని సాధారణంగా వీలులేదు. రాజ్యాంగ నిర్మాతలు తొలగింపుతోపాటు హోదా తగ్గింపును కూడా పేర్కొనడం గమనింపదగినది. ఉద్యోగి గౌరవం జీతంతోనే ముగియదని వారు గుర్తించారు. ప్రైవేటు ఉద్యోగులకు ఇటువంటి రాజ్యాంగ రక్షణ లేదు. వారి విషయంలో వయోవివక్షను నిషేధించే సాధారణ చట్టం కూడా లేదు.

1991 ఆర్థిక సంస్కరణల తరువాత మన దేశంలో ‘స్వచ్ఛంద పదవీవిరమణ’ అనే మాట ప్రచారంలోకి వచ్చింది. హైదరాబాదు నగరం ఆల్విన్, ఐ.డి.పి.ఎల్. వంటి పేరుగన్న కర్మాగారాల క్షీణతను చూసింది. 2000–2001లో ప్రభుత్వరంగ బ్యాంకులు ప్రవేశపెట్టిన పథకం కింద లక్షమందికి పైగా ఉద్యోగులు వైదొలిగారు. పదిహేనేళ్ల సర్వీసు లేదా నలభై ఏళ్ల వయసు ఉన్నవారు అందుకు అర్హులు. 2019లో భారత సంచార్ నిగమ్ యాభై ఏళ్లు నిండినవారికి ఇటువంటి పథకాన్నే ప్రకటించింది. 2020 జనవరి 31న ఒక్కరోజే 78 వేలమందికి పైగా ఉద్యోగులు పదవీవిరమణ చేశారు. ఆ సంస్థ సిబ్బందిలో వారు దాదాపు సగం.

ఇటువంటి పథకాల్లో కొందరు సంతోషంగానే చేరారు. చేతికి అందిన సొమ్ముతో పిల్లల చదువులు, పెళ్లిళ్లు జరిపినవారున్నారు. అయితే జీతాల చెల్లింపు ఆలస్యమవుతూ, సంస్థ భవిష్యత్తే అనుమానంగా ఉన్నప్పుడు ఉద్యోగి చేసే సంతకం ఎంతవరకు ‘స్వచ్ఛందం’ అనేది ఆలోచింపదగిన విషయం.

సాఫ్ట్‌వేరు రంగం కూడా దీనికి మినహాయింపు కాదు. 2025 జూలైలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ తన సిబ్బందిలో సుమారు రెండు శాతాన్ని, అనగా దాదాపు 12 వేలమందిని తగ్గిస్తామని ప్రకటించింది. ఆ నిర్ణయం ప్రధానంగా మధ్య, ఉన్నత స్థాయుల వారికి వర్తించేదని తెలిపింది. ఈ రంగంలో మధ్యస్థాయికి చేరేవారి వయసు ఎంతో కాదు. కర్మాగారంలో యాభై ఏళ్లకు ఎదురయ్యే ప్రశ్న ఇక్కడ నలభైలోనే ఎదురవుతున్నది.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కార్మికుల తొలగింపుకు కొన్ని నియమాలు విధించింది. ఒక నెల ముందుగా నోటీసు, పనిచేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. చివర చేరినవారిని మొదట తొలగించాలన్న సూత్రం అనుభవజ్ఞులకు అండగా నిలిచింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ఆ చట్టం స్థానాన్ని ఆక్రమించింది. ఈ సూత్రాలను కొనసాగిస్తూనే, ప్రభుత్వ అనుమతి లేకుండా తొలగింపులు జరపగల పరిశ్రమల పరిమితిని అది పెంచింది. ముందస్తు అనుమతి వందమంది కార్మికులున్న చోట నుంచే అవసరమయ్యేది. ఇప్పుడు మూడువందలమంది ఉన్నచోట నుంచి అవసరం. తొలగింపబడిన కార్మికులు కొత్త నైపుణ్యం నేర్చుకొనేందుకు ఒక నిధిని కూడా ఏర్పరచింది. కాని ఈ రక్షణలు ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలోకి వచ్చేవారికే. నిర్వహణ బాధ్యతల్లో ఉన్నవారు ఆ పరిధిలోకి రారు. ఏళ్ల తరబడి శ్రమించి అధికారి పదవికి ఎదిగిన వ్యక్తి, ఆ ఎదుగుదల వల్లనే చట్టరక్షణకు దూరమవుతున్నాడు.

యాభై ఏళ్ల వయసు కుటుంబానికి అత్యంత కీలకమైన దశ. పిల్లలు కళాశాలల్లో ఉంటారు. వృద్ధులైన తల్లిదండ్రులకు వైద్యం అవసరమవుతుంది. ఇంటి రుణం తీరి ఉండదు. ఆ వయసులో మళ్లీ కొలువు వెతుక్కోవడం కష్టం. దొరికినా పాత జీతం దొరకడం మరింత కష్టం. హోదా తగ్గిన వ్యక్తి ఆ మాట ఇంట్లో కూడా చెప్పుకోలేక, రోజూ అదే వేళకు బయలుదేరి వెళ్లవచ్చు. అతని మౌనాన్ని చిరాకుగా పొరబడకుండా అర్థం చేసుకోవలసినది ముందుగా ఇంటివారే.

ఈ సమస్యకు ఒక్క పరిష్కారం లేదు. నైపుణ్య శిక్షణను యువతకే పరిమితం చేయక అన్ని వయసుల వారికీ అందించడం సంస్థల బాధ్యత. తొలగింపుకూ హోదా తగ్గింపుకూ ప్రాతిపదికను ముందుగా ప్రకటించడం, బాధితుని మాట వినడం కనీస న్యాయం. వయసును కారణంగా చూపడానికి వీలులేని చట్టం చేయడం ప్రభుత్వాల బాధ్యత. జీవితాంతం నేర్చుకొనే అలవాటును నిలుపుకోవడం ఉద్యోగుల వంతు.

వివక్షల్లో వయోవివక్షకు ఒక ప్రత్యేకత ఉన్నది. వివక్ష చూపేవాడు కూడా ఆయుష్షు ఉంటే ఏదో ఒకనాడు ఆ వయసుకే చేరుకుంటాడు. నేడు కళాశాల తరగతిలో కూర్చున్నవారు రేపు కార్యాలయాల్లో నిర్ణయాలు తీసుకునేవారు. ఎల్లుండి ఆ నిర్ణయాలకు లోబడేవారు. పెద్ద ఉద్యోగికి నేడు దక్కే న్యాయం యువకుడు తన భవిష్యత్తుకు దాచుకునే ధనం వంటిది.