సిజేరియన్ అయినవాళ్లకు నెల తప్పితే స్కానింగ్ ఆలస్యం చేయకండి

మీకు ముందు కాన్పు ఆపరేషన్‌తో అయిందా? లేదా ఊళ్లో ఉన్న మీ ఆవిడకా? అయితే ఇది మీకోసమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో నూటికి 60, ఆంధ్రలో 42 కాన్పులు సిజేరియన్లే. మనలో ఎన్ని ఇళ్ల సంగతో మీరే చూసుకోండి.

గర్భసంచిని కోసి కుట్టినచోట మచ్చ మిగులుతుంది. అరుదుగా, సుమారు 2,000 గర్భాల్లో ఒకసారి, తర్వాతి పిండం ఆ మచ్చలోనే నాటుకుంటుంది. అక్కడ గోడ పల్చన. పిండం పెరిగితే సంచి చిరిగి ప్రాణం మీదికి రావచ్చు. మొదట్లో కొద్దిగా రక్తం కనబడొచ్చు, పొత్తికడుపు నొప్పి రావచ్చు. కొందరికి అదీ ఉండదు. మూత్ర పరీక్షలో రెండు గీతలు వస్తాయి, అంతా బాగున్నట్టే ఉంటుంది.

తేల్చేది స్కానింగే. ఆరేడు వారాలకు, అంటే నెల తప్పిన రెండు మూడు వారాల్లో, కింది నుంచి చేసే స్కానింగ్‌లో స్పష్టంగా కనబడుతుంది. సిగ్గయితే లేడీ డాక్టర్‌ని అడగండి. ఆలస్యమైతే మామూలు గర్భంలా కనబడి మోసం చేస్తుంది. గర్భం పోతోందనుకుని క్లీనింగ్ చేస్తే రక్తం ఆగకపోవచ్చు. అందుకే పాత ఆపరేషన్ మాట మీరే ముందు చెప్పండి. అరబ్బీలో ‘అమలియా ఖైసరియా’ అంటే చాలు.

వైద్యం ఒక్కటే పద్ధతి కాదు. మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇస్తారు, స్కానింగ్‌లో చూస్తూ సక్షన్‌తో తీస్తారు, లేదా ఆపరేషన్ చేస్తారు. ఇంజెక్షన్ తీసుకుంటే ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆపమంటారు, కనీసం మూడు నెలలు మళ్లీ గర్భం రాకూడదంటారు. బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష పూర్తిగా తగ్గేదాకా వారాల తరబడి చేయించాలి. ఒంట్లో బాగుందని మధ్యలో మానేయకండి. గర్భం ఉంచుకుంటామంటే, మాయ గోడలోకి పాతుకుపోయి చివరికి సంచే తీసేయాల్సి రావచ్చు. ఆ మాట డాక్టర్‌తో విడమరిచి మాట్లాడాలి.

ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఒక మాట. కఫీల్‌కి తెలిస్తే పంపేస్తాడన్న భయంతో ఎవరిదగ్గరో గుట్టుగా మాత్రలు కొని మింగుతున్నారు. గర్భం మచ్చలో ఉంటే ఆ మాత్రలతో విపరీతంగా రక్తం పోవచ్చు. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు అలా జరిగితే ఎవరు చూస్తారు? కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పనివాళ్లకు మందులు, వైద్యం యజమానే చూడాలి. ఆస్పత్రిలో పెళ్లి కాగితం అడగొచ్చు, నకలు దగ్గర ఉంచుకోండి. రక్తం ఎక్కువగా పోతున్నా, కళ్లు తిరుగుతున్నా, భుజంలో నొప్పి వచ్చినా ఎవరి అనుమతికీ ఆగొద్దు. కువైట్‌లో 112కి ఫోన్ చేయండి.

సైట్లో ఉన్న అన్నలూ, సెలవుకి ఊరెళ్లి వచ్చాక ఇంటినుంచి ‘నెల తప్పింది’ అని ఫోనొస్తే, డబ్బు పంపేముందే స్కానింగ్ ఎప్పుడని అడగండి. పాత కాన్పు డిశ్చార్జ్ కాగితం ఫొటో ఆవిడ ఫోన్లోనూ, మీ ఫోన్లోనూ ఉండాలి.