అరటి గాలికి ఎందుకు పడిపోతుంది? పెరట్లో ఎలా కాపాడుకోవాలి?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి చెట్లతోపాటు అరటి తోటలూ నేలకొరిగాయి.

ఎందుకు?

అరటికి మనం కాండం అనుకునేది అసలు కాండం కాదు. ఉల్లిపాయ పొరల్లా ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకు మట్టలే అవి. వాటిలో కలప ఉండదు, ఎక్కువ భాగం నీరే. వేర్లు లోతుకు దిగవు. పైనేమో వెడల్పాటి ఆకులు, బరువైన గెల. అసలు కాండం నేలలోని దుంప. అందుకే పైన విరిగినా, దుంప బతికుంటే కొత్త పిలకలు వస్తాయి.

ఎలా పెంచాలి?

కత్తిలా సన్నని ఆకులున్న బలమైన పిలకను దుంపతో సహా తవ్వి తీయండి. ఎండ తగిలేచోట ఒకటిన్నర అడుగుల గుంత తీసి, మాగిన పశువుల ఎరువు కలిపి నాటండి. మరో మొక్కకు ఆరడుగుల దూరం ఉంచండి. నేల తడిగా ఉండాలి కానీ నీరు నిలవకూడదు, నిలిస్తే దుంప కుళ్లుతుంది.

పక్క పిలకలు తల్లి మొక్క ఆహారాన్ని పంచుకుంటాయి. ఒక్కటి ఉంచి మిగతావి కోసేయండి. మొదలుకు మట్టి ఎగదోయండి. గెల వేశాక వెదురు గడ ఊతమివ్వండి.

ఒక మొక్క ఒక్కసారే గెల వేస్తుంది. గెల కోశాక దాన్ని నరికి, ముక్కలను పాదులోనే వేయండి. మీరు ఉంచిన పిలకకు అదే ఎరువు.