అడవి వెనక కొలిమి

కోస్తాలోని రామాపురం బీచ్‌లో ఎండిన ఇసుక మీద అయస్కాంతం తిప్పి చూడండి, నల్లటి నలకలు అతుక్కుంటాయి. వాటిలో ఎక్కువ మాగ్నటైట్, అంటే ఇనుప ఖనిజం. ఉత్తర తెలంగాణలో ఇదే ఖనిజం రాతిలో గింజలు గింజలుగా ఇమిడి ఉంటుంది. దాన్ని దంచి, కడిగి, కొలిమికెక్కించిన పల్లెలు గోదావరికి రెండు వైపులా ఉండేవి. నిర్మల్ దగ్గరి దిమ్మదుర్తి వాటిలో పేరున్నది.

ఇప్పుడు ఆ వైపు వెళ్లేది కవ్వాల్ కోసం. 2012లో టైగర్ రిజర్వ్ అయిన ఈ టేకు, నల్లమద్ది, వెదురు అడవిలో కడెం వాగు పారుతుంది. జన్నారంలో సఫారీ ఎక్కినవాళ్లు పులి కోసం మెడలు చాస్తారు. నేనైతే నేల చూడమంటాను.

ఈ ప్రాంతపు పల్లెల్లో చేలగట్ల మీద నల్లరాయిలాంటి ముక్కలు దొరుకుతాయి. అవి రాళ్లు కావు, ఇనుప చిట్టెం. చేతికి బరువుగా తగులుతుంది. పైన పాకం కారి గడ్డకట్టినట్టు మడతలు, విరిగినచోట గాలిబుడగల గుంటలు. ఇనుము కరగడానికి 1538 డిగ్రీలు కావాలి. తిత్తులతో ఊదే మట్టికొలిమికి అంత వేడి రాదు. ఖనిజంలోని మలినాలు మాత్రం 1200 డిగ్రీల దగ్గరే కరిగి బయటికి పారతాయి; అవి గడ్డకడితే చిట్టెం. లోపల గుల్లగా మిగిలిన ముద్దను సమ్మెటతో కొట్టి ఇనుము చేసేవారు.

అసలు కిటుకు ఆ తర్వాతిది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఇనుప ముక్కలను ఊక కలిపిన మట్టిమూసల్లో పెట్టి, మూత బిగించి కాల్చేవారు. కర్బనం చేరేకొద్దీ ఇనుము కరిగే ఉష్ణోగ్రత దిగుతుంది. కరిగినది మెల్లగా చల్లారి ఉక్కు అవుతుంది. ఈ ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఇక్కడిదాకా వచ్చేవారు. భారతీయ ఉక్కును 1819లో పరీక్షించిన శాస్త్రవేత్త ఫారడే, దాని గొప్పతనం అల్యూమినా, సిలికాల వల్ల అనుకున్నాడు. అసలు కారణం ఒకటిన్నర శాతం దాకా ఉన్న కర్బనం.

ఇదంతా బొగ్గు మీద నడిచింది. వచ్చే ఇనుముకు ఎన్నో రెట్లు బొగ్గు కావాలి, బొగ్గుకు చెట్లు కావాలి. అందుకే ఇలాంటి అడవులను మనిషి చెయ్యి పడనివని రాసే బోర్డులంటే నాకు గురి లేదు. టేకు మోడు మళ్లీ చిగురిస్తుంది. విదేశీ ఇనుము చవగ్గా దిగి కొలిములు ఆరిపోయాక, బొగ్గు కోసం నరికేవాళ్లూ తగ్గారు.

2010లో బెంగళూరులోని నియాస్ పరిశోధన సంస్థ, ఎక్సెటర్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఉత్తర తెలంగాణలో తిరిగి, లోహపు పని జరిగిన చోట్లు వందకు పైగా నమోదు చేశారు. మీకూ చిట్టెం కనబడితే జేబులో వేసుకోకండి. అది ఎక్కడ, దేని పక్కన పడి ఉందో తెలిస్తేనే కొలిమి ఎక్కడుండేదో వాళ్లు చెప్పగలరు.