ఊగే పడవలో వంట

మన వంటింట్లో పాలు పొంగవచ్చునేగాని, పొయ్యి మీది గిన్నె తనంతట తాను కదిలిపోదు. సముద్రం మీద అలా కాదు. అల వచ్చినప్పుడల్లా నేలే ఒక పక్కకు వాలుతుంది. మరిగే పులుసు వంటచేసేవారి మీద పడితే ఏమవుతుంది? నడిసముద్రంలో వైద్యుడు ఎక్కడ దొరుకుతాడు?

2017 సెప్టెంబరు 10న మన నౌకాదళానికి చెందిన ఆరుగురు స్త్రీలు "తారిణి" అనే తెరచాప పడవలో గోవా నుంచి బయలుదేరి, భూమిని చుట్టి, 2018 మే 21న తిరిగి వచ్చారు. వారిలో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బి. ఐశ్వర్య ఉన్నారు. పడవ పొడవు సుమారు 17 మీటర్లే! ఒక రేవు నుంచి మరొక రేవు చేరటానికి వారాలు పట్టేది. అన్నాళ్లూ అటుకులు నములుతూ గడపలేరు గదా!

ఇలాంటి ప్రయాణాలు చేసే పడవల్లో సాధారణంగా పొయ్యిని నేలకు బిగించరు. దాని రెండు చివరలా రెండు ఇరుసులు పెట్టి ఉయ్యాలలాగా వేలాడదీస్తారు. బరువు ఇరుసులకు దిగువన ఉండేలా చూస్తారు. తాపీమేస్త్రీ గోడ నిలువు చూడటానికి వదిలే గుండు ఎప్పుడూ నేలకేసి తిన్నగా వేలాడుతుంది గదా, ఇదీ అంతే. పడవ కుడికి ఒరిగినా, ఎడమకు ఒరిగినా పొయ్యి మట్టంగానే ఉంటుంది. పడవ ముక్కు పైకి లేచినప్పుడు మాత్రం ఈ ఉపాయం పనిచెయ్యదు. అందుకని గిన్నె జారకుండా చుట్టూ కమ్మీలు బిగిస్తారు. లోతైన గిన్నెలో సగానికి మించి పొయ్యరు.

మీరూ చూడవచ్చు. ఒక పళ్లేనికి మూడు వైపులా సమానమైన దారాలు కట్టి, పైన ఒకే ముడి వేసి, ఉట్టిలాగా కర్రకు తగిలించండి. పళ్లెంలో సగం నీళ్లున్న గ్లాసు పెట్టండి. కర్రను మెల్లిగా అటూ ఇటూ వంచండి. కర్ర వాలుతుంది, నీళ్లు ఒలకవు!

రెండో చిక్కు నీళ్లది. చుట్టూ ఉన్నది నీరే అయినా, లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అది తాగితే, ఆ ఉప్పును బయటికి పంపటానికి ఒంట్లో ఉన్న నీరు కూడా ఖర్చవుతుంది. దాహం ఇంకా పెరుగుతుంది. అందుచేత మంచినీళ్లను పొదుపుగా వాడతారు. గిన్నెలు సముద్రపు నీటితో తోమి, చివర కొంచెం మంచినీటితో తొలుస్తారు. కూర ఉడికించే నీళ్లలో కొంచెం సముద్రపు నీరు కలిపితే వేరే ఉప్పు వెయ్యనక్కరలేదు.

మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం. వంటగ్యాసు గాలికంటె బరువు. పడవలో అది కారితే, బయటికి పోయే దారి లేక, అడుగున మడుగులాగా నిలుస్తుంది. చిన్న నిప్పురవ్వ చాలు, పడవ పేలిపోతుంది. అందుకని సిలిండరును వేరే పెట్టెలో ఉంచి, ఆ పెట్టె అడుగున సముద్రంవైపుకు రంధ్రం పెడతారు. వంట కాగానే సిలిండరు దగ్గరే గ్యాసు కట్టేస్తారు.

మన ఇళ్లలోనూ గ్యాసు కారితే నేలమీదికే దిగుతుంది. వాసన వస్తే అగ్గిపుల్ల గీయకండి, ఏ స్విచ్చీ ముట్టుకోకండి. తలుపులు బార్లా తెరిచి, బయటికి వచ్చి, పెద్దలను పిలవండి.