వాసన లేని వాయువు

వంటయింటిలో పొయ్యి మీట సరిగా కట్టకపోయినను, సిలిండరునకు తగిలించిన రబ్బరు గొట్టము పగిలినను, కొద్ది క్షణములలో ఇల్లంతయు ఒక దుర్గంధము వ్యాపించును. అది కుళ్లిన కోడిగ్రుడ్డును పోలినదని కొందరు, మురిగిన ఉల్లిపాయను పోలినదని కొందరు చెప్పుదురు. "గ్యాసు వాసన వచ్చుచున్నది, చూడుడు!" అని ఇంటివారు కేకవేసి కిటికీలు తెఱతురు. కాని నిజమునకు అది గ్యాసు వాసన కాదు. సిలిండరులోనుండు ప్రొపేను, బ్యూటేను అను వాయువులకు చెప్పుకొనదగిన వాసన లేదు. గొట్టముల ద్వారా ఇండ్లకు వచ్చు సహజవాయువులో ముఖ్యభాగమైన మీథేనునకు అసలే లేదు. ఆ దుర్గంధమును మనుష్యులు బుద్ధిపూర్వకముగ తెచ్చి అందులో కలుపుచున్నారు. అట్లు కలిపి తీరవలెనను శాసనము వెనుక ఒక పాఠశాల కథ కలదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెక్సాసు ఒక పెద్ద రాష్ట్రము. దాని తూర్పుభాగమున రస్కు అను జిల్లాలో ప్రత్తియు మొక్కజొన్నయు పండించుకొని బ్రతుకు బీదరైతులు ఉండెడివారు. 1930లో ఆ నేలక్రింద చమురు బయటపడెను. దేశమంతయు ఆర్థికమాంద్యముచే క్రుంగిపోయి, పనిలేనివారు వీధులవెంట తిరుగుచున్న కాలమది. అట్టి కాలమున ఈ ప్రాంతము మాత్రము ధనముతో నిండెను. పొలములలో చమురుబావుల కొయ్యగోపురములు తాటితోపులవలె లేచినవి. న్యూ లండన్ అను చిన్న ఊరిలో పాఠశాలా సంఘమువారు చమురుపై వచ్చు పన్నుల సొమ్ముతో 1932లో ఒక గొప్ప భవనమును కట్టించిరి. ఉక్కుచట్రము, పెంకుల కప్పు, ప్రయోగశాలలు, కఱ్ఱపనియు లోహపుపనియు నేర్పు కర్మశాల, విద్యుద్దీపములు గల ఆటస్థలము, ఇవన్నియు ఒక పల్లెటూరి బడికి అమరినవి. దేశములోని పల్లెబడులలో మిక్కిలి సంపన్నమైన వానిలో ఇదియొకటి అని పేరుపడెను.

భవనమును కట్టిన చోటు వాలుగా ఉండుటచే, నేలకును గచ్చునకును నడుమ ఒక ఖాళీ అఱ మిగిలెను. అది భవనము ముందుభాగము పొడవునను, రెండువందల ఏబది అడుగులకు మించి సాగియుండెను. దానిలోనికి గాలి వచ్చిపోవుటకు తగిన మార్గము లేదు. ఎవరును దానిని లెక్కచేయలేదు. కంటికి కనబడని చోటు గనుక అది మనస్సునకును తోచలేదు.

ఆ ప్రాంతమున శీతకాలమున చలి ఉండును. తరగతి గదులను వెచ్చచేయనిదే పాఠములు సాగవు. మొదట వాస్తుశిల్పులు ఒకేచోట బాయిలరు నెలకొల్పి, ఆవిరిని గొట్టములద్వారా గదులకు పంపు పద్ధతిని సూచించిరి. సంఘమువారు దానిని మాని, గదిగదికిని వేఱువేఱుగా మొత్తము 72 గ్యాసుపొయ్యిలను అమర్చిరి. గ్యాసును ఒక సంస్థనుండి కొనుచుండిరి. 1937 ఆరంభమున ఆ కొనుగోలును గూడ మానిరి. నెలకు సుమారు 300 డాలర్లు మిగులునని వారి లెక్క.

మఱి గ్యాసు ఎక్కడినుండి వచ్చెను? చమురుబావులలో చమురుతోపాటు వాయువు గూడ పైకి వచ్చును. కర్మాగారములవారు దానినుండి పెట్రోలును పిండుకొని, మిగిలిన వాయువును పనికిరానిదని గాలిలో కాల్చివేయుచుండిరి. రాత్రులందు ఆ మంటలతో ఆకాశము ఎఱ్ఱగా వెలుగుచుండెడిది. ఊరక కాలిపోవు వాయువే గదా యని ఆ చుట్టుపట్ల జనులు ఆ గొట్టములకు తూటుపెట్టి తమ ఇండ్లకు కలుపుకొనుచుండిరి. కంపెనీలవారు అనుమతి ఈయకున్నను చూచియు చూడనట్లు ఊరకుండిరి. పాఠశాలయు అట్లే ఒక గొట్టమునకు కలుపబడెను. ఇందులో ఎవరును తమ జేబు నింపుకొనలేదు. బడిసొమ్ము బడికే మిగులవలెనని చేసిన పని యది. చెడ్డబుద్ధితో చేసిన తప్పును పట్టుకొనుట సులభము. మంచిబుద్ధితో చేసిన పొదుపును ప్రశ్నించుటకు ఎవరికిని నోరు రాదు.

ఆ క్రొత్త అతుకునుండి వాయువు మెల్లగా కాఱసాగెను. మీథేను గాలికంటె తేలిక గనుక తెఱపి దొరికినచో పైకెగసి పోవును. ఇక్కడ తెఱపి లేదు. గచ్చు క్రింది మూసిన అఱలో అది దినదినమును కూడుచు, సందులగుండ పైగదులలోనికి గూడ ప్రాకెను. పిల్లలు తలనొప్పియని చెప్పుచుండిరి. పెద్దలు దానిని పట్టించుకొనలేదు. వాసన లేదు, రంగు లేదు. దేనినిజూచి అనుమానింతురు?

1937 మార్చి 18, గురువారము. మఱునాడు సమీపమున నున్న హెండర్సన్ పట్టణమున పాఠశాలల పోటీలు జరుగనుండుటచే శుక్రవారము సెలవు ప్రకటించిరి. చిన్నతరగతుల పిల్లలను ముందుగనే ఇండ్లకు పంపివేసిరి. పెద్దభవనములో సుమారు 500 మంది విద్యార్థులును, 40 మంది ఉపాధ్యాయులును ఉండిరి. నూఱడుగుల దూరముననున్న వ్యాయామశాలలో తల్లిదండ్రుల సంఘము సమావేశమై యుండెను. మధ్యాహ్నము మూడుగంటలు దాటినది. బడి విడుచుటకు ఇక కొద్ది నిమిషములే యున్నవి.

కర్మశాలలో ఒక ఉపాధ్యాయుడు కఱ్ఱను నునుపుచేయు విద్యుద్యంత్రపు మీట నొక్కెను.

విద్యుత్తు మీటను నొక్కునపుడు లోపలి రేకుల నడుమ ఒక చిన్న నిప్పురవ్వ పుట్టును. మామూలు గాలిలో దానివలన ఏమియు కాదు. కాని మీథేను గాలిలో నూటికి సుమారు 5 పాళ్లనుండి 15 పాళ్లవఱకు కలిసియున్నచో ఆ మిశ్రమము మందుగుండు వంటిది. అంతకు తక్కువైనను, ఎక్కువైనను అది ప్రేలదు. ఆ దినమున ఆ అఱలోని మిశ్రమము సరిగా ఆ హద్దులనడుమ ఉండెను. చూచినవారు చెప్పినదాని ప్రకారము భవనపు గోడలు ఉబ్బినవి, పైకప్పు లేచినది, మరల కూలబడినది. రెండు టన్నుల బరువుగల కాంక్రీటు పలక యొకటి రెండువందల అడుగులు ఎగిరిపోయి, నిలిపియున్న ఒక మోటారుకారును నలిపివేసెను. తల్లులు వ్యాయామశాలనుండి వెలుపలికి పరుగెత్తివచ్చునప్పటికి ఎదుట బడి లేదు.

చమురుబావుల కూలీలు తమ బండ్లతోను, బరువులెత్తు యంత్రములతోను వచ్చిరి. వారిలో పెక్కుమంది పిల్లలు ఆ రాళ్లక్రిందనే యుండిరి. రాత్రి వాన కురిసెను. దీపములు వెలిగించుకొని, రాతిని రాతినిగా తొలగించుచు, పదునేడు గంటలలో ఆ స్థలమంతయు శుభ్రపఱచిరి. టైలర్ పట్టణమున మఱునాడు ప్రారంభోత్సవము జరుపవలసిన ఒక ఆస్పత్రి, ఉత్సవమును మాని ఆ సాయంకాలమే తలుపులు తెఱచెను. మరణించినవారు సుమారు 295 మంది. వారిలో మిక్కిలి భాగము పిల్లలు. కొన్ని ఇండ్లలో ముగ్గురేసి పిల్లలు బడికి పోయి తిరిగి రాలేదు.

విచారణ జరిగెను. గనులశాఖ నిపుణులు వచ్చి శిథిలములను పరీక్షించి, అతుకునుండి వాయువు కాఱిన సంగతి, అఱలో కూడిన సంగతి, మీట రవ్వ తగిలిన సంగతి ఒకదానివెంట ఒకటిగా తేల్చిరి. ఫలానావాడు నేరస్థుడని ఎవరిని గూర్చియు వారు చెప్పలేకపోయిరి. పాఠశాలాధికారులు సామాన్యమానవులనియు, తాము ఊహింపజాలని ప్రమాదమును గూర్చి జాగ్రత్త తీసికొనవలెనను ఎఱుక వారికి లేకపోయెననియు వారి నివేదిక సారాంశము. న్యాయస్థానములలో వేసిన దావాలు నిలువలేదు. పాఠశాలా సంఘపు ప్రధానాధికారి ఆ ప్రమాదములోనే తన కుమారుని పోగొట్టుకొనెను. అయినను జనుల ఆగ్రహము ఆయనను వదలలేదు. ఆయన పదవి విడువవలసి వచ్చెను.

కొన్ని వారములలోనే టెక్సాసు శాసనసభ ఒక చట్టము చేసెను. ప్రజల వాడుకకు పంపు గ్యాసులో, కాఱినచో తెలియునట్టి వాసన తప్పక కలుపవలెనని దాని ఆజ్ఞ. తగిన చదువు, అనుభవము, అధికారముద్ర లేనివారు ఇంజనీరులమని చెప్పుకొని పనిచేయరాదని ఆ సంవత్సరమే మఱియొక చట్టము వచ్చెను. గ్యాసులో వాసన కలుపు విద్య అప్పటికి క్రొత్తదియేమియు కాదు. జర్మనీదేశమున 1880 నాటి దశాబ్దముననే దానిని ఎఱిగియుండిరి. ఎఱిగిన విద్యకును చేసిన చట్టమునకును నడుమ ఏబదియేండ్లు గడచినవి. తరువాత ఇతర రాష్ట్రములు, ఇతర దేశములు ఆ మార్గమునే పట్టినవి.

కలుపు పదార్థముల పేరు మెర్కాప్టనులు. ఇవి గంధకము చేరిన రసాయనములు. మన వంటగ్యాసులో ఇథైల్ మెర్కాప్టను కలుపుదురు. దీనిని మనుష్యుని ముక్కు పట్టినంత తేలికగా మఱి దేనినో గాని పట్టదు. వందకోట్ల పాళ్ల గాలిలో ఒకటి రెండు పాళ్లున్నను గుర్తింపగలదు. గాలిలో గ్యాసు అంటుకొనుటకు కావలసిన కనీసపు పాలులో ఐదవవంతు చేరునప్పటికే వాసన స్పష్టముగ తెలియవలెనని నియమము. అనగా ప్రమాదము ఇంకను నాలుగువంతుల దూరమున ఉండగనే ముక్కు హెచ్చరించును.

ఇచ్చట ఒక వింత చెప్పదగియున్నది. చచ్చిన జంతువుల కళేబరములు కుళ్లునపుడును ఇథైల్ మెర్కాప్టను పుట్టును. అమెరికాలో టర్కీ రాబందు అను పక్షి ఆ వాసననుబట్టియే తన ఆహారమును వెదకికొనును. కాలిఫోర్నియా రాష్ట్రమున పొడవైన గ్యాసుగొట్టములు వేసిన ఇంజనీరులు, గొట్టము ఎచ్చట పగిలినదో తెలియవలెనన్నచో ఆకాశమువంక చూచెడివారట! రాబందులు ఎచ్చట గుంపుగా తిరుగుచున్నవో అచ్చటనే కాఱుచున్నదన్నమాట.

అయితే వాసనను పూర్తిగా నమ్మి కూర్చుండుటయు తగదు. ఒకే వాసనను కొంతసేపు పీల్చినచో ముక్కు దానికి అలవాటుపడి, లేనట్లే యెంచును. జలుబు చేసినవారికిని, కొందరు వృద్ధులకును అది తెలియకపోవచ్చును. గొట్టపు లోపలి తుప్పును, భూమిలోని మన్నును వాసనను కొంత మ్రింగివేయును. కావుననే నేడు పెక్కుచోట్ల గ్యాసును గుర్తించి గంట మ్రోగించు పరికరములను గూడ అమర్చుచున్నారు.

వాసన తెలిసినపుడు చేయవలసినది చాలమంది తలక్రిందులుగా చేయుదురు. చీకటిలో లేచి మొదట దీపపు మీట వేయుదురు, లేదా గాలికై పంకా తిప్పుదురు. న్యూ లండన్ కర్మశాలలో జరిగినది సరిగా ఇదియే. మీట వేసినను రవ్వయే, తీసినను రవ్వయే. కావున దేనిని ఎట్లున్నదానిని అట్లే వదలవలెను. తలుపులు కిటికీలు తెఱచి, సిలిండరు మీట కట్టి, అందఱును వెలుపలికి వచ్చి, దూరమునుండి 1906 అను అంకెకు ఫోను చేయవలెను. మన దేశమున వంటగ్యాసు కాఱినపుడు తెలుపుటకు ఏర్పఱచిన అంకె అది. సిలిండరులోని గ్యాసు మీథేనువలె తేలికైనది కాదు. అది గాలికంటె బరువు. నేలను అంటుకొని, నీరువలె పల్లమునకు పాఱును. కావున సిలిండరును నేలమాళిగలలోను, గోతులయందును ఉంచరాదు. మధ్యాహ్నభోజనము వండు బడులలో వంటగది తరగతులకు ఎడముగా ఉండవలెనని పెద్దలు పట్టుబట్టుట అందువలననే.

సహజవాయువు తెలుగునేలకు దూరపు సంగతి కాదు. కృష్ణా గోదావరుల ముఖద్వారముల చుట్టును భూగర్భమునుండి దానిని తీయుచున్నారు. 2014 జూన్ 27 తెల్లవాఱుజామున కోనసీమలోని నగరము అను గ్రామమున గ్యాసుగొట్టము పగిలి, వాయువు కొబ్బరితోటలలోను ఇండ్లనడుమను వ్యాపించి అంటుకొనెను. ఇరువదిమందికి పైగా మరణించిరి. నిదురలోనున్న వారు నిదురలోనే మంటలలో చిక్కుకొనిరి.

న్యూ లండన్ పాఠశాల పదిదినములలో మరల తెఱచిరి. మిగిలిన పిల్లలు వ్యాయామశాలలోను, తాత్కాలికముగ వేసిన గదులలోను కూర్చుండి చదివిరి. పాత భవనము నిలిచిన చోటికి వెనుక 1939లో క్రొత్త భవనము లేచెను. ఆ సంవత్సరమే బడికి ఎదురుగా గ్రానైటుతో ఎత్తైన స్మారకచిహ్నమును నిలిపిరి. 1965లో ఆ బడి పేరు వెస్ట్ రస్క్ అని మాఱెను. బ్రతికి బయటపడిన పిల్లలు పెరిగి పెద్దవారై, ఆ ఊరిలోనే కాపురముండియు, చాలకాలము ఆ దినమును గూర్చి ఒకరితో నొకరు మాటాడుకొనలేదు. నలువదియేండ్లు గడచిన పిమ్మట, 1977లో, వారందఱును మొదటిసారిగా ఒకచోట చేరిరి.